వీఓఆర్ ఫ్లాగ్ పడిందా? రేడియో పీకే ముందు చెవి పెట్టండి

ఒక వానాకాలం మా హ్యాంగర్‌లో ఉన్న సెస్నా 172 మీద ఒకే స్నాగ్ (లాగ్‌బుక్‌లో రాసే లోపం) మూడుసార్లు పడింది: "వీఓఆర్ ఫ్లాగ్ వస్తోంది, పోతోంది." వీఓఆర్ అంటే విమానానికి దిశ చెప్పే నేల మీది రేడియో స్టేషన్; దాని సిగ్నల్ నమ్మదగ్గట్టు లేనప్పుడు ఇండికేటర్‌లో పడే గుర్తే ఫ్లాగ్. మొదటి రెండుసార్లూ ఆ సిగ్నల్ అందుకునే రేడియో పీకి షాపుకు పంపాం. రెండుసార్లూ "లోపం కనబడలేదు" అన్న ట్యాగ్‌తో తిరిగొచ్చింది. మూడోసారి నిచ్చెన వేసుకుని తోక పైకి చూస్తే, యాంటెన్నా కనెక్టర్‌లో నడిమి పిన్ను వెనక్కి జారి ఉంది. తాకీ తాకనట్టు తాకుతోంది. అప్పటినుంచి రేడియోని నేను ఆఖర్న ముట్టుకుంటున్నాను. మొదట పెట్టేది చెవి.

చెవి ఎందుకంటే, వీఓఆర్ స్టేషన్ 108 నుంచి 117.95 మెగాహెర్ట్జ్ మధ్య ఒకే తరంగం మీద రెండు పనులు చేస్తుంది. 30 హెర్ట్జ్ సిగ్నళ్లు రెండు పంపుతుంది, వాటి ఫేజ్ (లయ) తేడాయే మీ రేడియల్, అంటే స్టేషన్ నుంచి మీరు ఏ దిశలో ఉన్నారన్నది. దాంతోపాటు మోర్స్‌లో తన ఐడెంట్ (గుర్తింపు అక్షరాలు) చెబుతుంది. రెండూ ఒకే యాంటెన్నా, ఒకే రిసీవర్ గుండా వస్తాయి. కాబట్టి ఐడెంట్ ఎలా వినబడుతోందో తెలిస్తే, వెతకాల్సిన చోటు సగానికి సగం తగ్గిపోతుంది.

అంతకంటే ముందు పైలట్‌ని అడగాల్సినవి ఉన్నాయి. ఏ ఫ్రీక్వెన్సీ, ఎంత ఎత్తు, స్టేషన్‌కి ఎంత దూరం, రెండో రేడియో ఎలా ఉంది, తిన్నగా పోతుంటేనా, తిరుగుతుంటేనా? "పనిచేయట్లేదు" అని ఒక్క ముక్క రాసిన లాగ్‌బుక్ నాకు టెన్షనే తప్ప సాయం చెయ్యదు. ఈ సిగ్నల్ చూపుమేరే వస్తుంది. వెయ్యి అడుగుల ఎత్తులో దాదాపు 40 నాటికల్ మైళ్లు, అదీ మధ్యలో కొండ లేకపోతే. దూరపు స్టేషన్ ట్యూన్ చేసి, నేల మీద ఫ్లాగ్ పడిందని స్నాగ్ రాసినవాళ్లూ ఉన్నారు. గార్మిన్ జీఎన్ఎస్ 430 (జీపీఎస్, రేడియో కలిసిన పెట్టె) ఉన్న విమానంలో సీడీఐ బటన్ (కోర్సు చూపే నీడిల్ దేన్ని అనుసరించాలో ఎంచేది) జీపీఎస్ మీద ఉందేమో కూడా చూడండి. అలా ఉంటే నీడిల్ జీపీఎస్‌ది చూపిస్తుంది, మీరు ట్యూన్ చేసిన వీఓఆర్‌ది కాదు.

ఫ్లాగ్ పడింది, ఐడెంట్ లేదు, లేదా గురగురలో మునిగిపోతోంది

రెండు రేడియోలూ ఇలాగే ఉంటే కారణం రెండింటికీ ఉమ్మడిగా ఉన్నదే. చాలా సెస్నాల్లో తోక మీద పిల్లిమీసాల్లా ఉండే ఒక్క యాంటెన్నానే రెండు రేడియోలకూ సిగ్నల్ ఇస్తుంది, మధ్యలో దాన్ని పంచే స్ప్లిటర్ ఉంటుంది. ముందు ఇంకో స్టేషన్ ట్యూన్ చేసి చూడండి. అక్కడా అంతే అయితే తోక దగ్గర మొదలుపెట్టి ముందుకు రండి: మీసం విరిగిందా, కనెక్టర్‌లో పచ్చని తుప్పు పట్టిందా, నీళ్లు దిగాయా, కేబుల్ ఎక్కడైనా నలిగిందా. మల్టీమీటర్‌తో కొలిచేటప్పుడు ఒక జాగ్రత్త. కొన్ని యాంటెన్నాలు బాగున్నా డీసీకి షార్ట్‌లాగే కనిపిస్తాయి, అది లోపల ఉన్న బాలన్ (యాంటెన్నాని కేబుల్‌కి జతచేసే భాగం) వల్ల. మాన్యువల్ చూడకుండా యాంటెన్నా మార్చేయకండి.

ఒక్క రేడియోనే చెడితే స్ప్లిటర్ నుంచి ఆ రేడియో దాకా ఉన్న కేబుల్, వెనక ట్రే, ఆ తర్వాతే రేడియో. ట్రేలో రేడియో పూర్తిగా కూర్చోకపోవడం నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. విప్పి, పిన్నులు చూసి, మళ్లీ బిగిస్తే పోయే స్నాగ్ అది. రెండు రేడియోలూ ఒకే మోడల్ అయితే ట్రేలు మార్చి చూడొచ్చు, కానీ లేబుల్ చదవండి. కేఎక్స్ 155 రేడియోలో 14 వోల్టులదీ ఉంది, 28 వోల్టులదీ ఉంది. పాత కేఎక్స్ 170బీలో కొన్ని ఫ్రీక్వెన్సీలే చచ్చిపోతే, అనుమానించాల్సింది ఫ్రీక్వెన్సీ తిప్పే స్విచ్ కాంటాక్టుల మురికినే.

తిన్నగా ఉంటే బాగుంది, తిరిగితే ఫ్లాగ్

ఒక దిశలోనే సిగ్నల్ పడిపోతుంటే యాంటెన్నాలో ఒక చేయి పనిచేయట్లేదనో, దాని దగ్గరి అతుకు ఊడిందనో అనుకోవాలి. విమానాన్ని బాగా పక్కకు వంచి తిప్పినప్పుడు మాత్రమే అయితే విమానం శరీరం అడ్డొచ్చి ఉండొచ్చు, అది లోపం కాదు. స్టేషన్ నెత్తి మీదుగా పోతున్నప్పుడు ఫ్లాగ్ పడటమూ అంతే.

ఐడెంట్ ఖంగుమని వినబడుతోంది, అయినా ఫ్లాగ్

ఇక్కడ యాంటెన్నాని దాదాపుగా వదిలేయొచ్చు. రిసీవర్ తన పని చేస్తోంది, ఫేజ్ తీసే కన్వర్టరో, ఇండికేటరో, మధ్య వైరింగో మొండికేస్తోంది. కేఐ 208 లాంటి ఇండికేటర్లలో కన్వర్టర్ ఇండికేటర్ లోపలే ఉంటుంది, కాబట్టి ఇక్కడ రేడియోని షాపుకు పంపితే డబ్బు దండగ.

దీనికి తలకిందులుగా, నీడిల్ బాగా నడుస్తూ ఐడెంట్ మాత్రం లేకపోతే, ముందు ఆడియో ప్యానెల్ స్విచ్, నావ్ వాల్యూమ్, ఐడెంట్ నాబ్ చూడండి. అవన్నీ సరిగ్గా ఉంటే స్టేషన్ మెయింటెనెన్స్‌లో ఉండొచ్చు. అప్పుడు ఐడెంట్ తీసేస్తారు. అలాంటి స్టేషన్‌ని నమ్మి ఎగరకూడదు.

నీడిల్ లయబద్ధంగా ఊగుతోంది

ప్రొపెల్లర్ ఆర్పీఎం మార్చి చూడండి. కొన్ని ఆర్పీఎంల దగ్గర రెక్కలు సిగ్నల్‌ని కోస్తూ 6 డిగ్రీల దాకా నీడిల్‌ని ఊపుతాయి. ఆర్పీఎం కాస్త మార్చగానే ఆగిపోతే రాయాల్సిన స్నాగ్ ఏమీ లేదు. ఆగకపోతే సిగరెట్ సాకెట్‌లో పెట్టిన చవక యూఎస్‌బీ చార్జర్ పీకండి, ఎల్ఈడీ ల్యాండింగ్ లైట్ ఆపి చూడండి. ఈ రెండూ రేడియో పౌనఃపున్యాల మీద రొద పెడతాయి.

చూపించేది తప్పు రేడియల్

ఓబీఎస్‌ని (కోర్సు ఎంచే నాబ్) తిప్పుతూ నాలుగైదు రేడియల్స్ మీద తేడా రాసుకోండి. అన్నిచోట్లా ఒకేలా 3 డిగ్రీలు ఉంటే అలైన్‌మెంట్ పని. ఒకచోట 1, ఇంకోచోట 6 అయితే రిజాల్వరో (ఓబీఎస్ కోణాన్ని సిగ్నల్‌గా మార్చే భాగం), దాని వైర్లో. సరిగ్గా 180 తేడా అయితే ఎదురు కోర్సు పెట్టారేమో పైలట్‌ని నెమ్మదిగా అడగండి, అతను నొచ్చుకోకుండా. అమెరికా నిబంధనల్లో ఐఎఫ్ఆర్‌లో (పరికరాల మీద ఆధారపడి ఎగిరేటప్పుడు) వీఓఆర్ వాడాలంటే గత 30 రోజుల్లో తనిఖీ చేసి ఉండాలి. నేల మీద 4 డిగ్రీలు, గాల్లో 6 డిగ్రీలు హద్దు. రెండు రేడియోల్ని ఒకదానితో ఒకటి పోల్చితే 4 డిగ్రీలు.

లోకలైజర్ ఉంది, గ్లైడ్‌స్లోప్ లేదు

రన్‌వేకి దిగేటప్పుడు లోకలైజర్ ఎడమా కుడీ చెబుతుంది, గ్లైడ్‌స్లోప్ ఎత్తు చెబుతుంది. గ్లైడ్‌స్లోప్ 329 నుంచి 335 మెగాహెర్ట్జ్‌లో వస్తుంది, అంటే లోకలైజర్‌కి ఇంచుమించు మూడింతలు. అందుకే చాలాచోట్ల అదే యాంటెన్నా సరిపోతుంది. కాబట్టి స్ప్లిటర్‌లో గ్లైడ్‌స్లోప్ వైపు కనెక్టర్, దాని కేబుల్ చూడండి. ఆ రేడియోలో అసలు గ్లైడ్‌స్లోప్ రిసీవర్ ఉందో లేదో కూడా. లేనిదాన్ని రిపేరు చేయబోయిన రోజు మాకూ ఉంది.

విప్పడం, బిగించడం, సంతకం పెట్టడం లైసెన్స్ ఉన్న ఇంజనీర్ పని, మన దగ్గర బీ2 (ఏవియానిక్స్ లైసెన్స్) వాళ్లది. సరిచేశాక ర్యాంప్ టెస్టర్‌తో (నేల మీదే వీఓఆర్ సిగ్నల్ పుట్టించే పరికరం) 30 డిగ్రీలకొకసారి చుట్టూ చూసి, గాల్లో ఒక పూర్తి చుట్టు తిప్పించండి. మా సెస్నాకి కొత్త పిన్ను వేశాక తోక పైనుంచి దిగకుండానే కింద ఉన్న కుర్రాడిని ఐడెంట్ వినమన్నాను. అతను బొటనవేలు పైకెత్తాడు.