పెద్ద సంఖ్యను కారణాంకాలుగా విడగొట్టడం – 3వ పాఠం: కర్నూలు 518001

గత పాఠంలో అభ్యాసంగా ఇచ్చిన అనంతపురం పిన్‌కోడు 515001కి జవాబు 3 × 41 × 53 × 79. 3తో భాగించాక 41 వచ్చేవరకు ఏ ప్రధాన సంఖ్యా నిశ్శేషంగా భాగించదు కాబట్టి, మధ్యలో విసుగు చెంది 171667నే ప్రధాన సంఖ్యగా తేల్చినవారు కొందరైనా ఉంటారు. ఎక్కడ ఆగవచ్చో నేటి పాఠంలో చూద్దాం.

కర్నూలు పిన్‌కోడు 518001ని తీసుకుందాం. 720 వర్గం 518400. ఈ సంఖ్యను రెండు కారణాంకాల లబ్ధంగా రాసినప్పుడు రెండూ 720 గాని అంతకు మించి గాని ఉంటే లబ్ధం 518400కు తగ్గదు కనుక, వాటిలో ఒకటి తప్పనిసరిగా 719కి లోబడి ఉంటుంది. 719 వరకు ప్రధాన సంఖ్యలు 128 ఉన్నాయి. అయితే అన్నింటితోనూ భాగించి చూడనక్కరలేదు.

అంకెల మొత్తం 15 కాబట్టి 3 భాగిస్తుంది, భాగఫలం 172667. దీనిని 7 భాగించదు, శేషం 5. తర్వాతది 11. కుడి నుండి బేసి స్థానాల్లోని 7, 6, 7 కూడితే 20, సరి స్థానాల్లోని 6, 2, 1 కూడితే 9, భేదం 11. కనుక 11 భాగిస్తుంది. ఈ సూత్రాన్ని బడిలో కంఠస్థం చేయించడమే గాని కారణం చెప్పడం అరుదు. 10, 1000, 100000లకు ఒకటి కలిపినా, 100, 10000ల నుండి ఒకటి తీసివేసినా వచ్చేవన్నీ 11 గుణిజాలే. అందుచేత శేషం విషయంలో ప్రతి స్థానం విలువ ఒకసారి కూడికగా, మరుసారి తీసివేతగా నిలుస్తుంది.

భాగఫలం 15697. ఇక్కడే చాలామంది 13కు వెళ్లిపోతారు. ఒకసారి భాగించిన సంఖ్య మళ్లీ భాగించవచ్చు కాబట్టి 11నే తిరిగి ప్రయోగించాలి: 7, 6, 1 మొత్తం 14, 9, 5 మొత్తం 14, భేదం సున్న. భాగఫలం 1427.

38 వర్గం 1444 కాబట్టి ఇక 37 దాటనవసరం లేదు. 719 దాకా ఉన్న హద్దు రెండు మూడు భాగహారాలతోనే ఇంతకు కుంచించుకుపోయింది. 11తో మరోసారి భాగిస్తే శేషం 8. 13, 17, 19, 23, 29, 31, 37లకు శేషాలు వరుసగా 10, 16, 2, 1, 6, 1, 21. కాబట్టి 1427 ప్రధాన సంఖ్య.

518001 = 3 × 11² × 1427

ఘాతాంకాలకు ఒక్కొక్కటి కలిపి గుణిస్తే, 2 × 3 × 2, భాజకాలు 12. దీనిని పరిపూర్ణ వర్గం చేయాలంటే కనీసం 3 × 1427, అంటే 4281తో గుణించాలి. అప్పుడు వర్గమూలం 47091.

అభ్యాసం: కడప పిన్‌కోడు 516001ని విడగొట్టండి. 17 కంటే చిన్న ప్రధాన సంఖ్యలేవీ దీనిని భాగించవు. 17 తర్వాత రెండవ కారణాంకం దొరకడానికి చాలాదూరం వెళ్లవలసి ఉంటుంది, కాని అది దొరికాక మిగిలే భాగఫలాన్ని పరీక్షించే పనే ఉండదు; ఎందుకో జవాబుతో పాటు రాయండి.