ముందు పెద్దల ఫోన్లు అలమరలోకి

పిల్లల చేతిలోంచి ఫోను లాక్కునే ముందు మన ఫోను ఎక్కడుందో చూసుకోండి. శ్రీకాకుళంలోని మా ఇంట్లో రాత్రి 7:30 నుంచి 9 వరకు పెద్దల ఫోన్లన్నీ వంటింటి అలమరలో ఉంటాయి. మోగితే అక్కడే నిలబడి మాట్లాడాలి. ఆ గంటన్నరా పాప హోంవర్కు చేసుకుంటుంది, నేను పక్కనే కూర్చుని ఏదో ఒకటి చదువుకుంటాను. నిజంగానే చదవాలి సుమా, నటిస్తే పిల్లలు ఇట్టే కనిపెడతారు. మొదటి వారం చాలా కష్టమైంది, ముఖ్యంగా మా మామగారికి. ఇప్పుడు ఆయనే మనవరాలిని దగ్గర కూర్చోబెట్టుకుని నాగావళి వరదల సంగతులు చెబుతున్నారు.

అన్నం తినిపించడానికి ఫోను చూపించే అలవాటు మాత్రం అసలు మొదలుపెట్టకండి. రెండేళ్ల లోపు పిల్లలకు తెర వద్దనీ, 2 నుంచి 4 ఏళ్ల వారికి రోజుకు గంట దాటకూడదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది.

కాస్త పెద్ద పిల్లలైతే, కథా రచయిత కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో మన శ్రీకాకుళంలోనే నెలకొల్పిన తెలుగు కథల గ్రంథాలయం కథానిలయానికి ఒకసారి తీసుకువెళ్లండి. బయలుదేరే ముందు తెరిచి ఉండే వేళలు కనుక్కోండి.