వడ్ల కొనుగోళ్లు మొదలయ్యే ముందు: వెబ్ పేజీల్లోంచి పట్టికలు లాగేవాళ్లకు జాగ్రత్తలు

మొన్న హాలియా వైపు ఒక ఊరి నుంచి ఫోన్ వచ్చింది. ఒక అవ్వ వడ్లు కల్లంలో పోసి నాలుగు రోజులైంది. పైన మబ్బు పట్టింది. పంట నమోదు లిస్టులో ఆమె పేరుంది గానీ, పక్కనున్న సర్వే నంబరు ఊరి రికార్డులోనే లేదంటున్నారు. ఆ లిస్టు చేసిన పిలగాడు నా దగ్గరే పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్చుకున్నాడు. ల్యాప్‌టాప్ తెప్పించి చూశాను. అవ్వ పేరు పక్కన 112113 అని ఉంది. వెబ్ పేజీలో ఉన్నది 112,113. అవి రెండు సర్వే నంబర్లు. కామా ఊడిపోయి, ఊర్లో లేని ఒక్క నంబరు అయింది.

వానాకాలం కోతలు మొదలయ్యాయి. ఇంకో రెండు నెలలు మీలో చాలామందికి ఇదే పని: పంట నమోదు లిస్టులు, మార్కెట్ ధరలు, సాగర్, జూరాల నీటి మట్టాలు. పాండాస్ (పట్టికలు చదివే పైథాన్ లైబ్రరీ) ఎట్లా ఇన్‌స్టాల్ చేయాలో, టేబుల్ ట్యాగ్ అంటే ఏంటో మీకు తెలుసు కాబట్టి అవి వదిలేస్తున్నా. నేను చెప్పేది ఒక్క తప్పు గురించి: ఏది అంకె, ఏది పేరు అన్నది ప్రోగ్రామ్‌ను ఊహించనివ్వడం.

సర్వే నంబరు అంకె కాదు, పేరు. దాన్ని కూడం, తీసెయ్యం. ఊరి కోడ్, పిన్ కోడ్, ఖాతా నంబరు కూడా అంతే. కానీ వెబ్ పేజీలోని పట్టికను చదివే, పాండాస్‌లోని రీడ్_హెచ్‌టీఎంఎల్‌కు ఆ తేడా తెలియదు. ఏమీ చెప్పకపోతే కామాను వేలు, లక్షలు విడదీసే గుర్తు అనుకుని తీసేస్తుంది. సాగర్ ఇన్‌ఫ్లో 1,23,456 క్యూసెక్కులు అని ఉన్నచోట అది మేలే. సర్వే నంబర్ల దగ్గర అదే కొంప ముంచుతుంది. అన్నిటికంటే ప్రమాదం ఏంటంటే, ఎర్రర్ రాదు. పట్టిక చక్కగా కనిపిస్తుంది.

అందుకే 'థౌజండ్స్' అనే ఆప్షన్‌కు 'నన్' (None, అంటే అలాంటి గుర్తు ఏదీ లేదని) ఇవ్వండి. 'కన్వర్టర్స్'లో ఆ కాలమ్‌కు స్ట్రింగ్ (అక్షరాల వరుస) అని చెప్పండి. రెండూ కావాలి. కన్వర్టర్స్ ఒక్కటే పెట్టి నిశ్చింతగా ఉండకండి, కామా దానికంటే ముందే పోతుంది. స్ట్రింగ్ అని చెప్పకపోతే 0457 అన్న కోడ్ 457 అవుతుంది. మొదట అన్నీ అక్షరాలుగానే చదవండి. తర్వాత ధర, బరువు, ఇన్‌ఫ్లో లాంటి నిజమైన అంకెల కాలమ్‌లను మాత్రం మీరే, మీ చేత్తో, అంకెలుగా మార్చండి.

ఇంత చేసినా ఎక్సెల్ దగ్గర మళ్లీ అదే తప్పు జరుగుతుంది. సీఎస్‌వీ ఫైల్ (కామాలతో విడదీసి దాచిన పట్టిక) మీద డబుల్ క్లిక్ చేస్తే 12/1 అన్న సర్వే నంబరు తేదీగా మారి కూర్చుంటుంది. పదిహేను అంకెలు దాటిన నంబరైతే చివరివి సున్నాలవుతాయి. దాన్ని సేవ్ చేశారంటే అసలుది పోయినట్టే. డబుల్ క్లిక్ వద్దు. డేటా మెనూలోంచి ఇంపోర్ట్ చేసి, కాలమ్‌ను టెక్స్ట్ అని ఎంచుకోండి.

తెలుగు పేర్లు గజిబిజిగా వస్తే పేజీ చెడిపోయిందనుకోకండి. రిక్వెస్ట్స్ (వెబ్ పేజీలు తెచ్చే పైథాన్ లైబ్రరీ) తెచ్చిన పేజీకి అక్షరాలు చదివే పద్ధతి, అంటే ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని మీరే చెప్పండి. ఎక్సెల్ కోసం సేవ్ చేసేటప్పుడు యూటీఎఫ్-8-సిగ్ పెట్టండి.

ఇక మిగిలినవి.

మొదటి పట్టిక అని సున్నా నంబరు (పైథాన్ లెక్క సున్నా నుంచే మొదలు) పెట్టి తీసుకోకండి. రేపు పేజీ పైన ఇంకో చిన్న పట్టిక చేరితే మీరు తెచ్చేది వేరేది. కాలమ్ పేరుతో వెతికి పట్టండి.

తెచ్చిన పేజీని తెచ్చినట్టే, తేదీ వేసి దాచండి. అవ్వ విషయంలో తప్పు ఎక్కడ జరిగిందో పది నిమిషాల్లో దొరికింది అట్లా దాచినందుకే.

బ్రౌజర్‌లో కనిపించే పట్టిక మీ కోడ్‌కు కనిపించకపోతే, అది పేజీ తెరిచాక జావాస్క్రిప్ట్ (పేజీలో నడిచే ప్రోగ్రామ్) నింపినదై ఉంటుంది. బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి డేటా ఎక్కడినుంచి వస్తుందో చూడండి.

సైట్‌ను ఊపిరాడనివ్వకుండా అడగకండి. పేజీకి పేజీకి మధ్య రెండు మూడు సెకన్లు ఆగండి. ఏవి తీసుకోవచ్చో సైట్ చెప్పే రోబోట్స్ ఫైల్ చదవండి.

వరుసలు లెక్కపెట్టండి. పేజీలో 214 ఉంటే మీ దగ్గరా 214 ఉండాలి.

సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు, శ్రీశైలానిది 885. అంతకు బాగా మించిన అంకె వస్తే అక్కడే ఆగండి.

ఫోన్ నంబర్లు, ఖాతా నంబర్లు మీ పనికి అక్కరలేకపోతే తేవద్దు. తెచ్చినవి వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు.

సర్వే నంబర్ల కాలమ్‌ను మళ్లీ చూడండి. అక్షరాలుగానే ఉందా? కామాలు, గీతలు ఉన్నాయా? పేజీ పక్కన పెట్టుకుని ఇరవై వరుసలు వేలు పెట్టి చదవండి.

ఖాళీ వచ్చిన వరుసను తీసెయ్యకండి. ఆ వరుసలో ఒక మనిషి పేరుంది. లిస్టు పంపే ముందు వాళ్ల ఊరికి ఫోన్ చేసి అడగండి.