కవలల్ని నిద్రపుచ్చడం - మూడో పాఠం: ముందు ఎవర్ని?

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారా? కాగితం మీద రెండు వరుసలు గీసుకుని, ఇద్దరిలో ఒక్కొక్కరికి నిద్ర ముంచుకొస్తోందని తెలిపే మొదటి గుర్తు ఏమిటో, అది ఎన్నింటికి కనిపించిందో వారం రోజులు రాయమన్నాను. రాయనివాళ్లు ఈ పాఠం చదువుకోండి, కానీ సాధన మాత్రం ఆ వారం అయ్యాకే మొదలుపెట్టండి. ఇవాళ చెప్పేదంతా ఆ కాగితం మీదే నడుస్తుంది.

మా పిల్లలకు రెండేళ్లప్పుడు నేను రాసుకున్న కాగితం ఇలా ఉండేది. పాపకు 7:40కల్లా చూపు ఒకచోట నిలిచిపోయేది. చేతిలో బొమ్మ ఉండేది కానీ ఆట ఉండేది కాదు. కుడి చెవి తమ్మె పట్టుకుని మెల్లగా లాక్కుంటూ కూర్చునేది. బాబుకు అప్పటికి ఏ గుర్తూ కనిపించేది కాదు. 8 దాటేసరికి ఒక్కసారిగా పరుగులు, మంచం మీంచి దూకడాలు, ఊరికే పకపకా నవ్వడం. చాలా నెలలు దాన్ని హుషారు అనుకున్నాను. నిజానికి అది అలసట. నిద్రవేళ దాటిపోతే ఒళ్లు మెలకువగా ఉండటానికి కావాల్సిన హార్మోన్లను పెంచుకుంటుంది. అందుకే సోలిపోవాల్సిన పిల్లాడు గంతులేస్తాడు. వాడి అసలు గుర్తు అంతకు ముందే వచ్చి పోయేది. ఓ పది నిమిషాలు మాట తగ్గించేవాడు, వచ్చి నా కాలికి ఆనుకుని నిలబడేవాడు. అంతే. దాన్ని పట్టుకోవడానికి నాకు రెండు వారాలు పట్టింది.

మీ కాగితంలోనూ ఇద్దరికీ ఇలాంటి తేడా కనిపిస్తే కంగారు పడకండి. పగటి కునుకుతో కలిపి 1-2 ఏళ్ల పిల్లలకు రోజుకు 11 నుంచి 14 గంటలు, 3-5 ఏళ్ల వాళ్లకు 10 నుంచి 13 గంటలు నిద్ర కావాలని నిద్ర నిపుణులు చెబుతారు. ఆ లెక్కలోనే మూడు గంటల వెసులుబాటు ఉంది చూడండి. 11 గంటలు చాలే పిల్ల, 13 గంటలు కావాల్సిన పిల్లాడు ఒకే ఇంట్లో, ఒకే రోజు పుట్టి ఉండొచ్చు. కాబట్టి పడకగదిలోకి ఇద్దర్నీ కలిపే తీసుకెళ్లండి, కథా ఇద్దరికీ కలిపే చెప్పండి, కానీ ఇద్దరూ ఒకే నిమిషంలో కళ్లు మూయాలని మాత్రం పట్టుబట్టకండి.

ఇక అసలు సంగతి. ఒకరు పేచీ పెడుతూ, ఒకరు నెమ్మదిగా ఉంటే మన చేయి ముందు ఎవరి వైపు పోతుంది? ఏడ్చేవాళ్ల వైపే. తల్లిదండ్రులకు అది సహజం. నేనూ అలాగే వాణ్ని ఎత్తుకుని గదంతా తిరిగేదాన్ని. వాడు నిమ్మళించేలోపు పాప మగత కాస్తా ఎగిరిపోయేది, ఆ తర్వాత ఇద్దరూ అందుకునేవాళ్లు. అందుకే ఈ పాఠంలో నేర్చుకోవాల్సింది ఇదొక్కటే: నెమ్మదిగా ఉన్న బిడ్డను ముందు పడుకోబెట్టండి. ఆ బిడ్డకు మీరు ఇవ్వాల్సింది ఐదు నిమిషాలు. అది అయ్యాక రెండో బిడ్డకు మీ ఒడి, మీ రెండు చేతులు, మీ ఓపిక పూర్తిగా దొరుకుతాయి.

ఆ ఐదు నిమిషాల్లో చేసే పని చేత్తో నేర్చుకోవాల్సిందే. పక్క మీద పడుకోబెట్టి వీపు మీద గానీ పొట్ట మీద గానీ అరచేయి ఆనించండి. జోకొట్టడం మామూలు వేగంతో మొదలుపెట్టి, ఊపిరి నిదానిస్తున్న కొద్దీ మీ చేయీ నిదానించాలి. కాసేపటికి జోకొట్టడం ఆపేసి చేయి బరువు మాత్రం అలాగే ఉంచండి. తర్వాత ముందు మణికట్టు, ఆపైన అరచేయి, చివరికి వేళ్లు ఒక్కొక్కటిగా తీయండి. ఒక్కసారిగా చేయి లేపేస్తే బిడ్డ ఉలిక్కిపడుతుంది. రెప్పలు పూర్తిగా పడక ముందే లేచి వచ్చేయండి. మీ చేయి లేకుండా ఆ చివరి అడుగు తనే వేస్తే, నడిరాత్రి మెలకువ వచ్చినా మళ్లీ అలాగే నిద్రలోకి జారుకోవడం అలవాటవుతుంది.

మరి ఈలోపు రెండోవాడు? ఊరికే ఎదురుచూడమంటే రెండేళ్ల పిల్లాడి వల్ల కాదు. వాడికి ఒక పని అప్పగించండి. మావాడికి ఎలుగుబంటి బొమ్మను నిద్రపుచ్చే బాధ్యత ఇచ్చాను. తువ్వాలు పరిచి దాన్ని పడుకోబెట్టేవాడు, కప్పేవాడు, మళ్లీ తీసి సరిచేసి కప్పేవాడు. వాడి చేతులు ఆ పనిలో ఉన్నంతసేపూ కాళ్లు ఆగేవి. గదిలో చిన్న దీపం ఒక్కటే ఉంచండి. వెలుతురు మెలటోనిన్ అనే నిద్ర హార్మోన్‌ను అణిచేస్తుంది, అదీ పెద్దవాళ్లలో కంటే పిల్లల్లో ఎక్కువగా. ఫోన్, టీవీ ఈ గంటలో అసలు వద్దు.

"చెల్లిని పడుకోబెట్టి నీ దగ్గరికి వస్తాను నాన్నా" అని పేరు పెట్టి చెప్పండి, చెప్పినట్టే వెళ్లండి. మొదటి రోజు ఆ ఐదు నిమిషాలు పూర్తికాకపోయినా రెండు నిమిషాల్లోనే వెళ్లాలి, ఆ తర్వాత మెల్లగా పెంచుకోవచ్చు. ఒక్కసారి మాట తప్పితే మర్నాడు వాడు నమ్మడు, మళ్లీ మొదటికి రావాల్సిందే.

చాలామందికి ఒకటే టెన్షన్, వీడి ఏడుపుకి అది లేచిపోతుందేమోనని. గాఢ నిద్ర ఎక్కువగా రాత్రి మొదటి గంటల్లోనే పడుతుంది. ఒకసారి అందులోకి జారిన బిడ్డ పక్కన చప్పుడైనా సాధారణంగా కదలదు. తెల్లవారుజామున నిద్ర పలచబడుతుంది, అప్పటి సంగతి వేరు.

ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లు ఉంటే తలా ఒకరిని తీసుకోవచ్చు, కానీ రోజు విడిచి రోజు మార్చుకోండి. లేకపోతే ఒకరు ఊరెళ్లిన రాత్రి ఒక బిడ్డ అస్సలు పడుకోదు. ఇంకో మాట, ఇది ఏడాది దాటిన పిల్లల కోసం రాసిన పాఠం. ఏడాది లోపు కవలలైతే ఎవరి పక్క వాళ్లకు విడిగా ఉండాలి, ప్రతి నిద్రకూ వెల్లకిలా పడుకోబెట్టాలి, పక్క మీద దిండ్లు, దుప్పట్లు, బొమ్మలు ఉంచకూడదు. ఇందులో సర్దుబాటు లేదు.

ఈ వారం సాధన: ఏడు రాత్రులూ నెమ్మదిగా ఉన్న బిడ్డతోనే మొదలుపెట్టండి. ఆ బిడ్డ ఎవరో రోజూ మారొచ్చు, కాబట్టి నిన్నటి లెక్క చూడకుండా ఆ పూట మొహాలు చూసి నిర్ణయించుకోండి. పాత కాగితం పక్కనే మూడు విషయాలు రాయండి: ముందు ఎవరు, లైటు తీశాక ఎంతసేపటికి నిద్రపోయారు, రెండోవాళ్లు ఎంతసేపు ఆగారు. పడుకోబెట్టాక ముప్పావు గంట దాకా ఒక బిడ్డ రోజూ పొర్లుతూనే ఉంటే, ఆ బిడ్డ పగటి కునుకు ఎన్నింటికి ముగుస్తోందో కూడా రాయండి. తెల్లవారుజామున ఒకరు లేచి ఇంకొకరిని లేపేయడం నాలుగో పాఠంలో చూద్దాం. ఆ కాగితం అప్పుడు దగ్గర పెట్టుకోండి.