‘డ్రీమర్లకు ఊరట’ అని వార్త వస్తే ముందు ఏం చూడాలి

పసితనంలో అమెరికాకు వచ్చి, కాగితాల్లేకుండా అక్కడే పెరిగినవాళ్లకు (వీళ్లనే డ్రీమర్లంటారు) చట్టరక్షణ ఇవ్వాలా వద్దా అన్న వాదన 2001 నుంచి నలుగుతోంది. ఆ ఏడాది డెమొక్రాట్ సెనేటర్ డిక్ డర్బిన్, రిపబ్లికన్ సెనేటర్ ఓరిన్ హాచ్ కలిసి తొలి డ్రీమ్ యాక్ట్ బిల్లు పెట్టారు. అది ఇప్పటికీ చట్టం కాలేదు. ‘డ్రీమర్లకు గ్రీన్‌కార్డులు’ అన్న హెడ్డింగు మాత్రం వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంటుంది. దాన్ని నమ్మి ఎవరికో డబ్బు కట్టేవాళ్లు ఒకవైపు, కోర్టు తీర్పు వార్తకు హడలిపోయి డాకా (ఇలాంటివాళ్లను దేశం నుంచి పంపించకుండా ఆపి, పని పర్మిట్ ఇచ్చే ఏర్పాటు) రెన్యువల్ మానేసేవాళ్లు ఇంకోవైపు. నష్టం ఇద్దరికీ ఒకటే.

వార్త చేతికి రాగానే చూడాల్సింది అది ఎవరి నుంచి వచ్చిందన్నది. కాంగ్రెస్ బిల్లా, హోంలాండ్ సెక్యూరిటీ శాఖ మెమోనా, ఫెడరల్ రిజిస్టర్‌లో అచ్చయిన నిబంధనా, కోర్టు ఉత్తర్వా? డాకా పుట్టింది మెమోతో. 2012 జూన్ 15న అప్పటి కార్యదర్శి జానెట్ నపాలిటానో సంతకం చేశారు. మెమోతో వచ్చినదాన్ని మెమోతోనే తీసేయవచ్చని 2017 సెప్టెంబర్ 5న ట్రంప్ ప్రభుత్వం రద్దు ప్రకటించింది. 2020 జూన్ 18న సుప్రీంకోర్టు 5–4తో ఆ రద్దును కొట్టేసింది. ‘డాకా చట్టబద్ధమేనన్న సుప్రీంకోర్టు’ అని అప్పట్లో తిరిగిన వార్త తప్పు. రద్దు చేసిన తీరు సరిగా లేదని మాత్రమే కోర్టు చెప్పింది. డాకా చట్టబద్ధమా కాదా అన్నది తేల్చనే లేదు. ఆ తేడా పట్టుకోనివాళ్లకు తర్వాత 2021లో డాకాను చట్టవిరుద్ధమన్న టెక్సాస్ కేసు పిడుగులా తోచింది.

బిల్లయితే నంబరు పట్టుకోవాలి. ప్రతినిధుల సభ బిల్లుకు ముందు హెచ్.ఆర్., సెనేట్ బిల్లుకు ఎస్. అని ఉంటుంది. కాంగ్రెస్ డాట్ గవ్‌లో ఆ నంబరు కొడితే బిల్లు ఏ మెట్టు మీద ఉందో పైనే కనిపిస్తుంది. ‘ఇంట్రడ్యూస్డ్’ అని ఉంటే ఎవరో ఒక సభ్యుడు కాగితం పెట్టాడని అర్థం, అంతకుమించి ఏమీ లేదు. రెండేళ్ల కాంగ్రెస్ ముగిసేలోగా రెండు సభలూ దాటకపోతే బిల్లు చచ్చిపోతుంది. మళ్లీ కొత్త నంబరుతో మొదటికి రావాల్సిందే.

ఓట్ల లెక్కలో చాలామంది బోల్తాపడేది సెనేట్ దగ్గర. 2010 డిసెంబర్ 8న డ్రీమ్ యాక్ట్ ప్రతినిధుల సభలో 216–198తో నెగ్గింది. పది రోజుల తర్వాత సెనేట్‌లో 55–41 వచ్చింది. మెజారిటీ ఉన్నా ఓడింది, ఎందుకంటే చర్చ ముగించి ఓటింగుకు వెళ్లడానికే 60 ఓట్లు కావాలి. 2018 ఫిబ్రవరిలో రెండు పార్టీల వాళ్లు కలిసి తెచ్చిన ప్రతిపాదనకు 54 వచ్చాయి, అదే కథ. 2013లో దీనికి తలకిందులు: డ్రీమర్లనూ కలుపుకున్న వలస సంస్కరణ బిల్లు ఎస్. 744 సెనేట్‌లో 68–32తో గెలిచింది, ప్రతినిధుల సభ దాన్ని ఓటుకే తీసుకోలేదు. కాబట్టి ఒక సభలో నెగ్గిందన్న వార్తకు పండగ చేసుకోనక్కర్లేదు.

ఇక అసలు పని బిల్లులోని తేదీలు. ఉపన్యాసాల్లో ‘పిల్లలందరికీ’ అంటారు, బిల్లు లోపల గీతలు గీసి ఉంటాయి. ఎన్నేళ్ల వయసులోపు వచ్చి ఉండాలి, ఏ తేదీ నుంచి దేశంలోనే ఉండాలి, ఏ తేదీన ఏ స్టేటస్‌లో ఉండాలి. ఈ మూడూ ఒక కాగితం మీద రాసి, పక్కన మీ తేదీలు వేసుకోండి. డాకాకు ఆ గీతలు ఇవి: 16 ఏళ్లు నిండకముందే రావాలి, 2007 జూన్ 15 నుంచి అమెరికాలోనే ఉండాలి, 2012 జూన్ 15 నాటికి 31 నిండకూడదు, ఆ రోజు అమెరికాలో ఉండాలి, చట్టబద్ధ స్టేటస్ ఉండకూడదు. చదువు, నేరచరిత్ర షరతులు వేరే. పదేళ్ల వయసులో 2006 ఆగస్టులో వచ్చిన అబ్బాయి ఈ తేదీలన్నీ దాటతాడు. అయిదేళ్ల వయసులో 2007 సెప్టెంబర్‌లో వచ్చిన అమ్మాయి దాటదు. మూడు నెలల ఆలస్యం, అంతే. ఏ వకీలూ దాన్ని జరపలేడు.

చట్టబద్ధ స్టేటస్ ఉండకూడదన్న షరతు హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబాలకిచ్చే వీసా) మీద పెరిగిన పిల్లలకు గట్టిగా తగులుతుంది. వీసాతో సక్రమంగా ఉండబట్టే, 2012 జూన్ 15న స్టేటస్ ఉండబట్టే, వాళ్లకు డాకా లేదు. 21 నిండగానే హెచ్-4 పోతుంది. అందుకే కొత్త బిల్లు వస్తే అర్హుల సెక్షన్‌లో హెచ్-1బీ వాళ్ల పిల్లల ప్రస్తావన ఉందో లేదో వెతకాలి. 2021 మార్చి 18న ప్రతినిధుల సభ 228–197తో ఆమోదించిన హెచ్.ఆర్. 6లో అది ఉంది. సెనేట్‌లో అది ముందుకు కదలలేదు. బిల్లు కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా ఇప్పుడే చేయగలిగింది 2002 నాటి సీఎస్‌పీఏ (గ్రీన్‌కార్డు ఆలస్యంలో పిల్లలు 21 దాటిపోకుండా వయసు తగ్గించి లెక్కించే చట్టం) లెక్క. గ్రీన్‌కార్డు తేదీ కరెంట్ అయిన, అంటే వంతు వచ్చిన, రోజు (ఐ-140, అంటే గ్రీన్‌కార్డు కోసం యజమాని వేసే పిటిషన్, ఆ తర్వాత పాసైతే, అది పాసైన రోజు) పిల్లల వయసు తీసుకోండి. అందులోంచి ఐ-140 పెండింగ్‌లో ఉన్న రోజులు తీసేయండి. వయసు 21 ఏళ్ల 4 నెలలు, పెండింగ్ 6 నెలలు అయితే 20 ఏళ్ల 10 నెలలు, గట్టెక్కినట్టే. పెళ్లి కాకుండా ఉండాలి, ఏడాదిలోపు దరఖాస్తు కదలాలి. ఐ-140ని ప్రీమియంలో (అదనపు ఫీజు కట్టి త్వరగా తేల్చుకునే పద్ధతి) పెట్టి వారాల్లో పాస్ చేయించుకుంటే తీసేయడానికి మిగిలే రోజులు కూడా ఆ కొన్నే. తొందరపడి ఇక్కడ నష్టపోయేవాళ్లు ఉంటారు. ఇంకోటి, 2025 ఆగస్టు 15 నుంచి వేసే దరఖాస్తులకు, ఎవరి వంతు వచ్చిందో నెలనెలా చెప్పే వీసా బులెటిన్‌లో ‘ఫైనల్ యాక్షన్’ పట్టికే లెక్క. ‘డేట్స్ ఫర్ ఫైలింగ్’ పట్టిక చూసి వయసు కట్టిన పాత వీడియోలను పక్కన పెట్టండి.

కోర్టు ఉత్తర్వయితే చివరి పేజీలు ముందు చదవండి. ఎవరికి వర్తిస్తుంది, ఎక్కడ, ఎప్పటినుంచి, స్టే ఉందా అన్నవన్నీ అక్కడే ఉంటాయి. 2021 జూలై 16న టెక్సాస్‌లో జడ్జి ఆండ్రూ హానెన్ డాకాను చట్టవిరుద్ధమన్నా, అప్పటికే ఉన్నవాళ్ల రెన్యువల్‌ను ఆపలేదు. కొత్త దరఖాస్తులకు ఆమోదం మాత్రం ఆగిపోయింది. 2025 జనవరి 17న ఫిఫ్త్ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ఆ నిషేధాన్ని టెక్సాస్ వరకే కుదించి, దేశం నుంచి పంపించకుండా ఆపడం ఒకటి, పని పర్మిట్ ఇంకొకటి అని రెండింటినీ విడదీసింది. అందుకే టెక్సాస్‌లో ఉన్నవాళ్లు, అక్కడికి మారబోయేవాళ్లు యూఎస్‌సీఐఎస్ (వలస దరఖాస్తులు చూసే ప్రభుత్వ సంస్థ) డాకా పేజీని దరఖాస్తు పంపే రోజున మళ్లీ చూసుకోవాలి.

గోల ఎలా ఉన్నా రెన్యువల్ గడువు ఆగదు. డాకా పని పర్మిట్ కార్డు గడువుకు 150 నుంచి 120 రోజుల ముందు వేయాలి. నవంబర్ 30న ముగిసే కార్డుకు జూలై 3 నుంచి ఆగస్టు 2 వరకు. ఈ కార్డుకు (కేటగిరీ గడిలో సి33 అని ఉంటుంది) ఆటోమేటిక్ పొడిగింపు లేదు. రసీదు చూపించి ఉద్యోగం కొనసాగించలేరు, గడువు దాటిన మర్నాడు యజమాని ఆపేయాల్సిందే. ఏడాదికి పైగా దాటితే రెన్యువల్ కాదు, కొత్త దరఖాస్తు కిందికి వెళ్తుంది. కొత్తవాటి గతి పైన చెప్పిందే.

కావాల్సినవి మూడు ఫారాలు: ఐ-821డి, ఐ-765, ఐ-765డబ్ల్యూఎస్. మూడోది చిన్నదని ఖాళీగా వదిలేస్తారు. ఆదాయం, ఖర్చు, ఆస్తి అంకెలు లేకపోతే పని పర్మిట్ చిక్కులో పడుతుంది. 2024 ఏప్రిల్ 1 పట్టిక ప్రకారం ఫీజు ఆన్‌లైన్‌లో 555 డాలర్లు, పోస్టులో 605. పోస్టులో పంపితే ప్రతి పేజీ అడుగున ఎడిషన్ తేదీ ఒకటేనా అని చూడండి. పాతదీ కొత్తదీ కలిసినా, సంతకం మరిచినా కట్ట మొత్తం తిరిగొస్తుంది, ఈలోగా వారాలు పోతాయి. పోయినసారి ఇచ్చిన రుజువులు మళ్లీ జతచేయక్కర్లేదు. ఆ తర్వాత అరెస్టు గానీ కోర్టు కేసు గానీ ఉంటే, కొట్టేసినదైనా సరే, వకీలుకు చూపించకుండా పంపవద్దు. అడ్వాన్స్ పెరోల్ (వెళ్లి తిరిగి రావడానికి ముందే తీసుకునే అనుమతి) లేకుండా దేశం దాటితే డాకా పోతుంది. ఇల్లు మారితే పది రోజుల్లో అడ్రసు మార్పు ఫారం ఏఆర్-11 వేయాలి, లేకపోతే కార్డు పాత ఇంటికి చేరుతుంది.

సాయం చేస్తామని ‘నోటరీ’ బోర్డు పెట్టుకున్నవాళ్లు దొరుకుతారు. అమెరికాలో నోటరీ వకీలు కాదు. బార్ లైసెన్సు ఉన్న వకీలు గానీ, న్యాయశాఖ గుర్తింపు ఉన్న ప్రతినిధి గానీ తప్ప ఇంకెవరూ సలహా ఇవ్వకూడదు. ఇంకా పాస్ కాని బిల్లు కింద ‘ముందే పేరు నమోదు చేస్తాం’ అని ఎవరైనా ఫీజు అడిగితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. బిల్లు చట్టమయ్యాక ఫారం తయారై, ఫీజు ప్రకటించేదాకా తీసుకోవడానికి యూఎస్‌సీఐఎస్ దగ్గర దరఖాస్తే ఉండదు.