బర్త్ సర్టిఫికెట్‌లో బిడ్డ పేరు ఎక్కించాలంటే: దరఖాస్తు ఎక్కడ ఆగుతుంది, ఎందుకు

ఆసుపత్రిలో కాన్పయితే జననం నమోదుకు వివరాలు పంపే బాధ్యత ఆసుపత్రిదే. 21 రోజుల్లోపు అవి రిజిస్ట్రారుకు చేరాలి. అప్పటికి బారసాల అయి ఉండదు, అయినా పేరు మీద ఇంట్లో అందరూ ఒక మాటకు వచ్చి ఉండరు. అలా చాలా సర్టిఫికెట్లలో పేరు గడి ఖాళీగా ఉండిపోతుంది. దానికి కంగారు అక్కర్లేదు. జనన మరణాల నమోదు చట్టం (1969) సెక్షన్ 14 ప్రకారం పేరు తర్వాత చేర్చుకోవచ్చు. నమోదైన తేదీ నుంచి 12 నెలల్లోపైతే ఆలస్య రుసుము ఉండదు, ఆపైన 15 ఏళ్ల వరకు రుసుముతో చేరుస్తారు.

‘ఏడాది దాటిపోయింది, ఇక మెజిస్ట్రేటు ఆర్డరు తేవాల్సిందే’ అని ఎవరైనా బేరం మొదలుపెడితే అక్కడే ఆగండి. ఆ ఆర్డరు అసలు జననమే నమోదు కాని కేసులకు. మీ చేతిలో నమోదు సంఖ్య ఉంటే ఆ గొడవ మీది కాదు.

దరఖాస్తు బిడ్డ పుట్టిన ఊరి రిజిస్ట్రారుకే వెళ్లాలి. తొలి కాన్పు పుట్టింట్లో జరిగే మన ఇళ్లలో ఇది తరచూ తప్పుతుంది. కాపురం హైదరాబాద్‌లో ఉన్నా పాప తెనాలిలో పుడితే రికార్డు తెనాలిలోనే ఉంటుంది, హైదరాబాద్‌లో ఎంత వెతికినా దొరకదు. గ్రామ పంచాయతీలో అయితే పంచాయతీ కార్యదర్శిని, పట్టణంలో అయితే మున్సిపాలిటీ జనన మరణాల విభాగాన్ని అడగాలి. దరఖాస్తు మీసేవలో, ఆంధ్రప్రదేశ్‌లోనైతే గ్రామ, వార్డు సచివాలయాల్లోనూ ఇవ్వొచ్చు. కౌంటర్లో ‘చైల్డ్ నేమ్ ఇంక్లూజన్’ అని స్పష్టంగా చెప్పండి. ఆపరేటరు పొరపాటున ‘కరెక్షన్’ కింద పెడితే అడిగే కాగితాలే మారిపోతాయి. పేరు లేని పాత సర్టిఫికెట్, తల్లిదండ్రులిద్దరి ఆధార్, ఇద్దరూ సంతకం చేసిన డిక్లరేషన్ సిద్ధంగా ఉంచుకోండి. బిడ్డ బడిలో చేరి ఉంటే స్టడీ సర్టిఫికెట్ కూడా అడగొచ్చు. రసీదు తీసుకోకుండా మాత్రం రావద్దు.

ఇంతవరకు సులువే. దరఖాస్తు తిరిగొచ్చేది ఎక్కువగా తల్లిదండ్రుల పేర్ల దగ్గర.

పాత సర్టిఫికెట్‌ను ఆధార్ పక్కన పెట్టి అక్షరం అక్షరం చూడండి. కాన్పు హడావిడిలో ఆసుపత్రి ఫారం నింపింది అమ్మమ్మో, మేనమామో అయి ఉంటారు. ఆధార్‌లో ‘వెంకట నాగలక్ష్మి’ అని ఉంటే ఫారంలో ‘లక్ష్మి’ అని ఉంటుంది. లేదా తల్లికి పుట్టింటి ఇంటిపేరు ఒకచోట, అత్తింటిది ఇంకోచోట ఉంటుంది. రెండూ ఒక్క మనిషివేనని రిజిస్ట్రారు ఊహించుకోడు, ఫైలు వెనక్కి పంపుతాడు. ఇలాంటి తేడా ఉంటే ముందు సెక్షన్ 15 కింద తల్లిదండ్రుల పేర్లు సరిచేయించుకుని, తర్వాతే బిడ్డ పేరుకు వెళ్లండి. తప్పు ఆసుపత్రి పంపిన వివరాల్లోనే ఉందా, రిజిస్ట్రారు ఆఫీసులో టైపింగులో దొర్లిందా అన్నది మొదట తేల్చుకోవాలి. ఆసుపత్రిదైతే వాళ్ల రికార్డు ప్రకారం సరైన పేరుతో లెటర్ తెచ్చుకోవాల్సి వస్తుంది. పదో తరగతి మెమో, పెళ్లి సర్టిఫికెట్ కూడా దగ్గర పెట్టుకోండి.

రెండో చిక్కు స్పెల్లింగు. ఆపరేటరు మీరు పలికింది విని టైపు చేస్తాడు. ‘లిఖిత’ చివర టి ఒక్కటే పెట్టాలా, టి పక్కన హెచ్ ఉండాలా? ‘శ్రీ’కి చివర ఐ ఒకటా, ఇ రెండా? ఇవి ఇంట్లోనే తేల్చుకుని తెలుగులోనూ, ఇంగ్లీషు పెద్దక్షరాల్లోనూ కాగితం మీద రాసివ్వండి. ఇంటిపేరు పొడి అక్షరంగా వద్దు, పూర్తిగా రాయించండి. పాస్‌పోర్టు దరఖాస్తులో పొడి అక్షరాలు ఒప్పుకోరు. సబ్మిట్ నొక్కేముందు స్క్రీను మీ వైపు తిప్పమని అడగడంలో మొహమాటం ఏమీ లేదు.

ఒకసారి పేరు ఎక్కాక ‘న్యూమరాలజీ ప్రకారం ఇంకో ఎ కలపాలి’ అంటే కుదరదు. సెక్షన్ 15 తప్పులు దిద్దడానికే ఉంది, మనసు మారినందుకు కాదు. కాబట్టి నక్షత్ర పాదం అక్షరం, సంఖ్యల లెక్క, తాతమ్మ పేరు కలపాలన్న పట్టు, ఏదున్నా దరఖాస్తుకు ముందే తెగాలి. నెట్‌లో దొరికే పేర్ల జాబితాల్లో అర్థాలు చాలావరకు ఒకరిది చూసి ఒకరు ఎక్కించినవే. నచ్చిన పేరును ఆన్‌లైన్‌లో ఉండే ఆంధ్రభారతి తెలుగు నిఘంటువులో ఒకసారి వెతికి చూడండి, రెండు నిమిషాల పని.

తొందర ఎందుకంటే, ఈ జనన మరణాల చట్టానికే చేసిన 2023 సవరణ ఆ ఏడాది అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. ఆ తేదీన, ఆ తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేరడం నుంచి పాస్‌పోర్టు దాకా పుట్టిన తేదీకి, స్థలానికి రుజువు బర్త్ సర్టిఫికెట్టే. బాల ఆధార్ కూడా పేరు ఎక్కిన సర్టిఫికెట్ చేతికొచ్చాకే తీయించండి. ముందే తీయిస్తే రెండింటిలో స్పెల్లింగు తేడా వచ్చి, ఆధార్ కేంద్రం చుట్టూ మళ్లీ తిరగాలి.