కొత్తగా సూపర్‌వైజర్ అయ్యారా? ముందు ఎవరు ఎవరితో కూర్చుని తింటారో చూడండి

ఆఫీసు గోడకున్న చార్టులో మేనేజర్, సూపర్‌వైజర్, ఆపరేటర్, హెల్పర్ అని గళ్లు గీసి ఉంటాయి. అది ఫార్మల్ గ్రూపు, యాజమాన్యం కట్టింది. ఇంకోటి ఉంటుంది, దాన్ని ఎవరూ గీయరు. ఒకే ఊరివాళ్లు, ఒకే ఆటోలో వచ్చేవాళ్లు, పొద్దున ఉగ్గాని బజ్జీ పంచుకుని తినేవాళ్లు, వాళ్లంతట వాళ్లే కలిసిన జట్టు. పని ఎంత చురుగ్గా సాగాలో చాలాసార్లు తేల్చేది ఈ జట్టే.

ఆదోనిలో పత్తి నుంచి గింజలు వేరుచేసే ఒక జిన్నింగ్ మిల్లులో షిఫ్టు చూసుకునేటప్పుడు, పత్తి సీజన్ మొదట్లో, లోడింగ్ చేసే ఆరుగురిని ఎవరినీ అడగకుండా పగలు ముగ్గురు, రాత్రి ముగ్గురు అని విడగొట్టాను. "సరే సార్" అన్నారు, అంతే. మూడో రోజుకల్లా బేళ్లు, అంటే నొక్కి కట్టిన పత్తి మూటలు, రెండు గంటల్లో ఎక్కించి పంపేసే లారీ సాయంత్రం దాకా గేటు లోపలే ఉండిపోయింది. నాకు ఒకటే టెన్షన్. బేళ్లు కట్టే ప్రెస్సు దగ్గరుండే పెద్దాయన చెప్పాకగానీ అర్థం కాలేదు: "వాళ్లంతా ఒకే ఆటోలో వస్తారు సార్. ఆరుగురు పంచుకునే బాడుగ ఇప్పుడు ముగ్గురి మీద పడె."

షికాగో దగ్గర వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీ హాథార్న్ ఫ్యాక్టరీలో 1931-32లో 14 మందిని ఒక గదిలో పెట్టి గమనించారు. గ్రూపు మొత్తం ఎక్కువ పని చేస్తే ఎక్కువ డబ్బు వచ్చే పద్ధతే ఉంది, అయినా రోజుకు ఇంత చాలని వాళ్లలో వాళ్లే లెక్క పెట్టుకున్నారు. దాటినవాడికి భుజం మీద గుద్దు పడేది. పైవాళ్లకు చాడీలు చెప్పకూడదన్నదీ వాళ్ల రూలే.

అందుకే మొదటి వారం ఏమీ మార్చకండి. మీరు ఒక మాట చెప్పగానే అందరూ ఎవరి మొహం చూస్తున్నారు? మిషన్ ఆగితే ఎలక్ట్రీషియన్ కంటే ముందు ఎవరిని పిలుస్తున్నారు? ఆయనే ఆ జట్టుకు పెద్ద, హోదా హెల్పరే కావచ్చు. మార్పేదైనా నోటీసు బోర్డు ఎక్కకముందే ఆయనతో పక్కకు కూర్చుని "అన్నా, ఇట్లా అనుకుంటున్నా, ఎక్కడ ఇబ్బంది వస్తుంది?" అని అడగండి, చెప్పింది నిజంగా వినండి. కానీ ఆయన్ని వేగులవాడిగా మాత్రం వాడుకోకండి. ఎవరు తాగొచ్చారని ఆయన్ని అడిగిన రోజే జట్టులో ఆయన మాట పోతుంది, మీకూ దారి మూసుకుపోతుంది.

కొత్త కుర్రాడికి పనిలో కిటుకులు నేర్పేది కూడా ఈ జట్టే, చేర్చి వదిలేయండి. అయితే చెడ్డ అలవాట్లూ అక్కడే అంటుకుంటాయి. జిన్నులో పత్తి ఇరుక్కుంటే మిషన్ ఆపకుండానే చెయ్యి పెట్టడం లాంటివి. అక్కడ బతిమాలడాలు లేవు, రూలు రూలే. కూలి డబ్బు, హాజరు పుస్తకం కూడా అంతే.

ఒక్కడే దూరంగా కూర్చుని తినేవాడు ఉంటాడు. ఊరు వేరనో, కులం వేరనో జట్టు దగ్గరికి రానివ్వదు, బరువు పనంతా అతని మీదికే తోస్తుంది. అతను నోరు తెరిచి చెప్పడు. బరువు పని వంతులు జట్టుకు వదలకండి, ఏ రోజు ఎవరిదో పేర్లతో మీరే డ్యూటీ చార్టులో రాసి పెట్టండి.